ఇంటినుండి బోరు మోటారును నడుపుట

కర్నూలు, కడప జిల్లాలలో బోరు క్రింద సేద్యము చేయు రైతునకు చేను కూతవేటు దూరములో ఉండుట అరుదు. ఊరు ఒకచోట, తోట వేరొకచోట. నడుమ రెండు మూడు కిలోమీటర్ల డొంకదారి, ఒక వంక, ఇరువైపుల కంపచెట్లు. చాల ఏండ్లపాటు వ్యవసాయమునకు మూడు ఫేజుల కరెంటు పగలు కొంతసేపు, రాత్రి కొంతసేపు వంతులవారీగా వచ్చెడిది. రాత్రి వంతు వచ్చినపుడు రైతు టార్చిలైటు పట్టుకొని నడిరేయి చేనికి బయలుదేరెడివాడు. అంత దూరము పోయి చేయు పని యెంత? స్టార్టరు డబ్బాలోని పచ్చమీట నొక్కుట. దానికి పట్టు కాలము ఒక్క క్షణము.

ఆ క్షణపు పనికై నడచు దారి మాత్రము సామాన్యమైనది కాదు. కట్లపాము రాత్రివేళ సంచరించు జీవి. తడిసిన గట్టుమీద నిలచి, ఎర్తు సరిగా లేని ఇనుపడబ్బాను తడిచేతితో తాకుట పాముకంటె ప్రమాదకరము. మోటారు వేయుటకై పోయి తిరిగి రానివారి కథలు ఆ పల్లెలకు క్రొత్తవి కావు. 2019 తరువాత వ్యవసాయమునకు పగటివేళ 9 గంటల సరఫరాను రాష్ట్ర ప్రభుత్వము తన విధానముగా ప్రకటించినది. అయినను కరెంటు నడుమ నడుమ పోవుట, పోయిన ప్రతిసారి మోటారు ఆగిపోవుట, మరల నొక్కుటకు చేనికి పరుగెత్తుట ఉండనే ఉన్నవి.

అందుచేతనే చేతిఫోనుతో మోటారును నడుపు సాధనము పల్లెలలో ఆదరణ పొందినది. రైతు ఇంటి అరుగుమీద కూర్చుండి ఒక నంబరునకు ఫోను చేయును. చేనిలో మోటారు తిరుగును. ఈ సదుపాయము ఎట్లు పనిచేయును? వేలితో నొక్కు పనిని దూరమునుండి చేయుట ఎంత సులభము? నడచిపోయిన మనిషి వేలితోపాటు తన కన్నులను కూడ చేనికి తీసికొనిపోయెడివాడు గదా. ఆ కన్నుల పనిని ఇప్పుడు ఏది చేయుచున్నది? విచారింపవలసిన ప్రశ్నలు ఇవియే.

స్టార్టరు డబ్బాలో ఏమున్నది?

బోరులో దింపు సబ్‌మెర్సిబుల్ మోటారు సామాన్యముగా మూడు ఫేజుల ఇండక్షను మోటారు. 5 అశ్వశక్తుల మోటారు సుమారు 3,700 వాట్ల శక్తి నిచ్చును. అది నడచునపుడు ఒక్కొక్క ఫేజులో ఇంచుమించు 8 ఆంపియర్ల ప్రవాహముండును. బయలుదేరు తరుణములో, అనగా చక్రము ఇంకను వేగమందుకొనని మొదటి క్షణములలో, ఈ ప్రవాహము ఐదారు రెట్లు పెరుగును. ఇంత ప్రవాహమును చేతిమీటతో నేరుగా కలుపుట, విడదీయుట మంచిది కాదు. కలియు లోహపు మొనల నడుమ నిప్పురవ్వలు లేచి మొనలు కాలిపోవును, చేతికిని ప్రమాదమే.

కనుక స్టార్టరులో కాంటాక్టరు అను భాగమును అమర్చుదురు. ఇది విద్యుదయస్కాంతముతో పనిచేయు స్విచ్చి. ఇనుపముక్కకు చుట్టిన తీగచుట్టలో స్వల్పప్రవాహము పోవగనే అది అయస్కాంతమై, ఎదురుగానున్న ఇనుపపట్టీని లాగును. ఆ పట్టీతోపాటు మూడు ఫేజుల మొనలు ఒక్కసారిగా కలియును. రైతు నొక్కు పచ్చమీట మోటారు ప్రవాహమును తాకనే తాకదు. అది తీగచుట్టకు మాత్రము ప్రవాహమిచ్చును.

మీటనుండి వేలు తీసినను మోటారు ఆగకుండుటకు ఒక చిన్న ఏర్పాటు కలదు. కాంటాక్టరు కలియునపుడు దానితోపాటు మరియొక చిన్న మొన కూడ కలిసి, పచ్చమీటకు ప్రక్కదారిగా తీగచుట్టకు ప్రవాహమును ఇచ్చుచుండును. అనగా కాంటాక్టరు తన్ను తానే పట్టుకొని యుండును. ఎఱ్ఱమీటను నొక్కినచో ఈ దారి తెగును. స్ప్రింగు బలముతో మొనలు విడిపోవును.

కరెంటు పోయినను ఇట్లే జరుగును. తీగచుట్టలో ప్రవాహము లేక కాంటాక్టరు విడిపోవును. కరెంటు మరల వచ్చినను, ఎవరైనను పచ్చమీట నొక్కువరకు మోటారు కదలదు. రైతునకు ఇది ఇబ్బందిగా తోచును. కాని దీనిని ఉద్దేశపూర్వకముగనే ఇట్లు అమర్చినారు. కరెంటు లేని వేళ ఎవడో డబ్బాలో చేయిపెట్టి ఫ్యూజు సరిచేయుచుండవచ్చును. అట్టి సమయమున మోటారు తనంతట తాను లేవకుండుటయే క్షేమము.

అంచెలవారీ ఆజ్ఞ

స్వల్పప్రవాహముతో పెద్దప్రవాహమును శాసించు ఈ ఉపాయము నేటిది కాదు. అమెరికాలో ప్రిన్స్‌టన్ కళాశాల ఆచార్యుడు జోసెఫ్ హెన్రీ 1835 ప్రాంతమున దూరమునుండి వచ్చు క్షీణప్రవాహముతో ఒక చిన్న మొనను కదలించి, దానిచే దగ్గరలోని బలమైన విద్యుదయస్కాంతపు వలయమును కలుపుట, తెంపుట చేసి చూపెను. ఆయన తన ప్రయోగశాలకును ఇంటికిని నడుమ తీగ వేసి, భార్యకు సంకేతములు పంపెడివాడని ప్రసిద్ధి. ఇంటికిని పని చేయు చోటికిని నడుమ విద్యుత్ సంకేతము నడచిన తొలి దృష్టాంతములలో ఇది యొకటి.

ఈ సాధనమునకు రిలే అని పేరు. పూర్వము తపాలా మోయువాడు కొంతదూరము పరుగెత్తి సంచిని మరియొకనికి అందించెడివాడు. అలసినవాడు ఆగిపోయి, క్రొత్తవాడు క్రొత్త బలముతో పరుగెత్తెడివాడు. దానిని మన పెద్దలు అంచె అనిరి. రిలే అన్నను అంచెయే. వచ్చిన ప్రవాహము తన వార్తను మాత్రము అందించి ఆగిపోవును. పని చేయుటకు కావలసిన బలము అక్కడనే యున్న వేరొక మూలమునుండి వచ్చును.

చేనిలోని మోటారునకు ఇంటినుండి రెండు తీగలు లాగి, వాటి మొనలను పచ్చమీటకు సమాంతరముగా కలిపినచో ఇంటిలోని మీటతో మోటారు లేచును. సూత్రము చాల సులువు. కాని రెండు మూడు కిలోమీటర్ల తీగకు ఖర్చెక్కువ; గాలివానకు తెగును; దొంగలకు దొరకును; కరెంటు తీగకు తగిలినచో ఇంటిలోనికే ప్రమాదమును తెచ్చును. కనుక తీగ లేని ఆజ్ఞ కావలసివచ్చినది.

తీగ లేని ఆజ్ఞ

1895లో కలకత్తాలో ఆచార్య జగదీశ్ చంద్ర బోసు విద్యుదయస్కాంత తరంగములను పంపి, గోడల కావలనున్న గంటను మ్రోగించి, తుపాకిమందును మండించి చూపెను. తరంగములు మోసినది ఆజ్ఞను మాత్రమే. గంటను కొట్టిన బలము ఆవలి గదిలోని బ్యాటరీది. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులో ఒక చిన్న పడవను రేడియో తరంగములతో ఇటునటు త్రిప్పి చూపరులను ఆశ్చర్యపరచెను. దూరనియంత్రణకు మూలపురుషులు వీరు.

నేటి పొలములలో ఈ తరంగములను పంపు పనిని ఫోను టవర్లు చేయుచున్నవి. స్టార్టరు ప్రక్కన అమర్చు పెట్టెలో ఒక సిమ్ము కార్డు, ఫోనుభాగము, చిన్న గణకపు చిప్పు, రెండు రిలేలు ఉండును. ఒక రిలే మొనలు పచ్చమీటకు సమాంతరముగా, మరియొక రిలే మొనలు ఎఱ్ఱమీటతో శ్రేణిలో కలుపబడి యుండును. మొదటిది ఒక క్షణము కలిసి విడిపోయిన, పచ్చమీట నొక్కినట్లే. రెండవది ఒక క్షణము విడిపోయి కలిసిన, ఎఱ్ఱమీట నొక్కినట్లే. పూణేకు చెందిన ఇంజనీరు సంతోష్ ఓస్త్వాల్ రూపొందించిన 'నానో గణేశ్' ఈ రకపు సాధనములలో దేశమందు మొదట పేరుపొందిన వానిలో నొకటి. తరువాత అనేక సంస్థలు ఇట్టి పెట్టెలను చేసినవి.

ఫోనులో మాట లేకుండ ఆజ్ఞ ఎట్లు పోవును? ఫోనులోని ఒక్కొక్క అంకెను నొక్కినపుడు రెండు స్వరములు కలిసి మ్రోగును. 5 అను అంకెకు ఒక స్వరము సెకనుకు 770 కంపనములు, రెండవది 1,336 కంపనములు. 1 అను అంకెకు 697, 1,209. మనిషి గొంతులోగాని పరిసరపు చప్పుడులోగాని ఈ జంటలు అచ్చముగా కలిసివచ్చుట అరుదు. కనుక పెట్టెలోని చిప్పు ఈ జంటను గుర్తించి, ఒక అంకెకు మోటారు వేయును, మరియొక అంకెకు ఆపును. కొన్ని పెట్టెలు చిన్న సందేశముచేత, మరికొన్ని మిస్‌డ్ కాలుచేతను పనిచేయును. పిలుపును ఎత్తకుండగనే, పిలిచినది ఏ నంబరో చూచి పెట్టె పనిచేయును గనుక రైతునకు పైసా ఖర్చు లేదు.

ఇక్కడ బలముల తారతమ్యము చూడదగినది. పెట్టెలోని ఫోను అందుకొను రేడియో సంకేతపు శక్తి వాటులో లక్షకోట్లవ వంతు మాత్రమే యుండవచ్చును. అది చిప్పును మేల్కొల్పును. చిప్పు కదలించు రిలే తీగచుట్టకు అర వాటుకు లోబడిన శక్తి చాలును. రిలే కలుపు కాంటాక్టరు చుట్టకు ఇంచుమించు పది వాట్లు కావలెను. కాంటాక్టరు కలుపు మోటారుది 3,700 వాట్లు. ఇట్లు ఒక అంచెనుండి వేరొక అంచెకు పోవుచు చీమ కదలికకంటె క్షీణమైన సంకేతము భూమిలోతునుండి నీటిని తోడించుచున్నది.

తలుపు నేర్పిన పాఠము

ఆజ్ఞను పంపుట ఇంత సులభమైనపుడు ఇక చిక్కేమున్నది? ఈ ప్రశ్నకు సమాధానము వేరొక మోటారు చరిత్రలో దొరకును. అది కారుషెడ్డు తలుపును ఎత్తి దించు మోటారు.

అమెరికాలో సి. జి. జాన్సన్ అను ఆయన 1921లో పైకి లేచి కప్పుక్రిందికి జరుగు తలుపును, 1926లో దానిని విద్యుత్తుతో నడుపు సాధనమును తయారుచేసెను. ఇంటిలోపలి గోడకు ఒక మీట ఉండును. దానినుండి మోటారువరకు రెండు సన్నని తీగలు, అతి తక్కువ వోల్టేజి. మీటను నొక్కినచో రిలే కలిసి మోటారు తిరిగి తలుపు లేచును. మరల నొక్కినచో దిగును. తలుపు పూర్తిగా లేచినపుడు, నేలను తాకినపుడు మోటారును ఆపుటకు రెండు చివరల హద్దుస్విచ్చిలు ఉండును. లేనిచో ఆగవలసిన చోటు మోటారునకు తెలియదు. మన పట్టణములలో దుకాణముల రోలింగు షట్టర్లకు, ఇండ్ల గేట్లకు అమర్చు మోటార్లలోను ఈ సూత్రమే కలదు.

ఇంటిలో కూర్చుండి మీట నొక్కువానికి తలుపు క్రింద ఎవరున్నారో కనబడదు. బరువైన తలుపు దిగుచుండగా క్రింద చిక్కుకొని అమెరికాలో పలువురు చిన్నపిల్లలు ప్రాణములు కోల్పోయిరి. మోటారులో లోపము లేదు, తీగలో లోపము లేదు. ఆజ్ఞ చక్కగా అందినది. కాని ఆజ్ఞ ఇచ్చినవానికి వార్త అందలేదు. 1990లో చేసిన చట్టము ననుసరించి, 1993 జనవరి 1 నుండి తయారగు ప్రతి గృహ సాధనములోను మనిషి చిక్కుకొనకుండ కాపాడు ఏర్పాటు తప్పనిసరియైనది. దీనికై వాడు సామాన్యమైన ఏర్పాటు ఒక వెలుగు కన్ను. నేలనుండి ఆరు అంగుళములకు మించని ఎత్తున, వాకిలికి ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు కంటికి కనబడని పరారుణ కిరణము పోవుచుండును. పిల్లవాని కాలైనను, బంతియైనను ఆ కిరణమునకు అడ్డువచ్చినచో దిగుచున్న తలుపు మరల పైకి పోవును. ఆ కన్ను పనిచేయనపుడు గోడమీటను ఒకసారి నొక్కి వదలిన తలుపు మూతపడదు; అది మూతపడువరకు మీటను నొక్కిపట్టుకొనియే యుండవలెను.

ఈ పాఠమునే ఇట్లు చెప్పవచ్చును: దూరమునుండి ఆజ్ఞ యిచ్చు ప్రతి సాధనమునకును తిరిగివచ్చు వార్త ఒకటి ఉండవలెను. వార్త లేని ఆజ్ఞ గ్రుడ్డి ఆజ్ఞ.

చేనిలో ఉండవలసిన కన్నులు

చేనికి నడచిపోయిన రైతు మీట నొక్కి వెంటనే తిరిగి వచ్చెడివాడు కాడు. మూడు ఫేజుల దీపములు వెలుగుచున్నవో లేవో చూచెడివాడు. మోటారు నాదము వినెడివాడు. గొట్టము చివర నీరు పడుచున్నదో, గాలి బుసకొట్టుచున్నదో గమనించెడివాడు. ఇంటనుండి నడుపునపుడు ఈ పరీక్షలన్నిటిని పెట్టెయే చేయవలెను.

మొదటిది ఫేజుల పరీక్ష. మూడింటిలో ఒక ఫేజు పోయినచో ఆగియున్న మోటారు తిరుగక గుయ్యిమని మూలుగును. తిరుగుచున్న మోటారు తక్కిన ఫేజులనుండి ఎక్కువ ప్రవాహమును లాగికొనును. రెండు విధములను తీగచుట్టలు వేడెక్కి కాలిపోవును. కనుక మూడు వోల్టేజీలు సరిగా నుండిననే పెట్టె మోటారును లేపవలెను.

రెండవది అధికభారపు పరీక్ష. స్టార్టరులో మోటారు ప్రవాహము పోవు దారిలో రెండు వేర్వేరు లోహములను అతికిన పట్టీ యుండును. వేడికి ఒక లోహము ఎక్కువగా, మరియొకటి తక్కువగా వ్యాకోచించుటచే పట్టీ వంగి తీగచుట్ట వలయమును తెంపును. ఉన్నత పాఠశాల విద్యార్థులు చదువు ద్విలోహ పట్టీయే ఇది.

మూడవది రాయలసీమకు మిక్కిలి ముఖ్యమైనది, నీటి పరీక్ష. బోరులో నీటిమట్టము పంపువరకు దిగిపోయినచో పంపు ఎత్తవలసిన భారము తగ్గును. భారము తగ్గిన మోటారు లాగుకొను ప్రవాహమును తగ్గును. కనుక ప్రవాహము ఒక హద్దుకంటె తగ్గినదనిన, బోరులో నీరు లేదని అర్థము. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరచునది చుట్టునున్న నీరే. ఆ నీరు లేక నడచిన మోటారు త్వరలోనే చెడును. దానిని పైకి తీయించి చుట్టలు మరల చుట్టించుట రైతునకు పంటకాలములో పెద్ద దెబ్బ. మంచి పెట్టెలు ప్రవాహము తగ్గగనే మోటారును ఆపి, రాళ్ళ పగుళ్ళనుండి నీరు మరల ఊరుటకు కొంత వ్యవధి యిచ్చి, ఆ సంగతిని రైతునకు తెలుపును.

ఇట్లు ఒక్క ప్రవాహమును కొలుచుటచేతనే మోటారు స్థితి చాలవరకు తెలియును. నూరు మీటర్ల లోతున కంటికి కనబడనిదానిని పైనున్న ఆంపియర్ల మాపకము చెప్పుచున్నది.

కాని ఏ పెట్టెయు చూడలేనిది ఒకటున్నది. అది డబ్బాలోనో బోరుమీదనో పనిచేయుచున్న మనిషి చేయి. ఇంటిలోనివారు తెలియక ఫోను చేసినచో మోటారు లేచును. తలుపు క్రింది పిల్లవానికిని ఇతనికిని భేదము లేదు. కనుక మరమ్మతునకు పూనుకొను ప్రతివాడును మొదట మెయిన్ స్విచ్చి దించి, ఫ్యూజులు ఊడదీసి తన జేబులో వేసికొనవలెను. ఫోను పెట్టె ఉన్నచోట ఈ నియమము మరింత అవసరము. ట్రాన్స్‌ఫార్మరువద్ద పని విద్యుత్ సిబ్బందిదే. దానిని రైతు ముట్టరాదు. అట్లే పెట్టెను శాసించు నంబర్లు ఇద్దరు ముగ్గురివి మాత్రమే అందులో నమోదు చేయవలెను. లేనిచో తప్పు నంబరు పిలుపునకు కూడ మోటారు తిరుగును. కారుషెడ్డు తలుపుల తొలిదినములలో ఒకరి రేడియో మీటకు పొరుగువారి తలుపు తెరచుకొనెడిది. తరువాత ఒక్కొక్కదానికి వేర్వేరు సంకేతములు, ఇంకను తరువాత నొక్కినప్పుడెల్ల మారు సంకేతములు వచ్చినవి.

గ్రుడ్డి ఆజ్ఞవలన కలుగు నష్టము

ఫోను పెట్టెలకు ముందే పల్లెలలో మరియొక సాధనము వ్యాపించినది. అది ఆటో స్టార్టరు. కరెంటు రాగానే అది తనంతట తానే పచ్చమీట నొక్కును. రైతు ఇంట నిద్రపోవచ్చును. కాని దీనివలన కలుగు చిక్కును ఒక లెక్కతో చూడవచ్చును.

25 కిలోవోల్టు ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు 415 వోల్టులవద్ద ఒక్కొక్క ఫేజులో సుమారు 35 ఆంపియర్లు ఇయ్యగలదు. దానిక్రింద 5 అశ్వశక్తుల మోటార్లు నాలుగున్నవనుకొనిన, నడచునపుడు అవి 32 ఆంపియర్లు లాగికొనును. హద్దులోనే యున్నది. కాని నాలుగింటికిని ఆటో స్టార్టర్లుండి, కరెంటు వచ్చిన క్షణముననే నాలుగును నేరుగా లేవబోయినచో ప్రవాహము ఆరు రెట్లగును. అనగా 192 ఆంపియర్లు. ఇది ట్రాన్స్‌ఫార్మరు హద్దునకు ఐదు రెట్లకు పైబడినది. అంత ప్రవాహమునకు వోల్టేజి కుంగును. మోటారు త్రిప్పుబలము వోల్టేజి వర్గమును అనుసరించును. వోల్టేజి నూటికి 70 వంతులైన బలము సగమునకు పడిపోవును. బలము చాలక మోటార్లు నెమ్మదిగా లేచును. నెమ్మదిగా లేచినకొలది అధికప్రవాహము ఎక్కువసేపు నిలుచును. ఇది దినమునకు పలుమార్లు జరిగినచో ఫ్యూజులు, తుదకు ట్రాన్స్‌ఫార్మరు చుట్టలే కాలును. ఒక ట్రాన్స్‌ఫార్మరు కాలినచో దానిక్రిందనున్న పైరులన్నియు నీరులేక ఎండును.

నలుగురిలో ఏ ఒక్కరును తప్పుచేయలేదు. ఒక్కొక్కరు తమ మోటారుకు మాత్రము ఆజ్ఞ యిచ్చిరి. తక్కిన ముగ్గురి వార్త ఎవరికిని లేదు. దీనికి నివారణ సులభమే. కరెంటు వచ్చిన తరువాత మొదటి మోటారు పది సెకనులకు, రెండవది నలువది సెకనులకు, మూడవది ఇంకను తరువాత లేచునట్లు ఆలస్యమును అమర్చుకొనిన చాలును. నలుగురు ఒకచోట కూర్చుండి మాటలాడుకొనవలెను, అంతే.

నేల లోపలి వార్త

ఇంటనుండి మోటారు వేయుట సులభమైనపుడు ఆపుట మఱచుట కూడ సులభము. ఒక లీటరు నీటిని నూరు మీటర్లు ఎత్తుటకు 980 జౌళ్ళ శక్తి కావలెను. 5 అశ్వశక్తుల మోటారు సరఫరానుండి గ్రహించు సుమారు 4,500 వాట్లలో మోటారు, పంపు, గొట్టముల నష్టములు పోగా నూటికి 40 వంతులు, అనగా 1,800 వాట్లు, నీటిని ఎత్తుటకు మిగులుననుకొనిన, గంటకు ఇంచుమించు 6,600 లీటర్లు వచ్చును. అవసరము తీరినపిమ్మట ఒక గంట అధికముగా నడచిన మోటారు అంత నీటిని వ్యర్థము చేయును. జల్ జీవన్ మిషన్ పల్లెలలో మనిషికి దినమునకు 55 లీటర్లు లక్ష్యముగా పెట్టుకొన్నది. ఆ లెక్కన ఆ ఒక్క గంట నీరు 120 మందికి ఒక దినమునకు చాలును.

ఈ రెండు జిల్లాలలోను ఏటి వర్షపాతము సగటున సుమారు 700 మిల్లీమీటర్లకు మించదు. కర్నూలు–కడప కాలువ పారు మేర తప్ప తక్కిన చోట్ల చాలవరకు బోరే ఆధారము. ఆదోని, పత్తికొండ వైపు నల్లరాతి జాతి గట్టిశిలలు. తూర్పున, దక్షిణమున కడప బండలవంటి సున్నపురాళ్ళు, పలకరాళ్ళు, గట్టి ఇసుకరాళ్ళు. నీరు ఈ రాళ్ళ పగుళ్ళలోనే నిలుచును. ఒక పగులునుండి పది బోరులు త్రాగుచుండవచ్చును. తన బోరులో నీరు తగ్గినదని పెట్టె రైతునకు చెప్పగలదు. ఎందుకు తగ్గినదో, పొరుగువారెంత తోడిరో చెప్పలేదు. 2004 నుండి వ్యవసాయపు విద్యుత్తు ఉచితమైనందున బిల్లుకూడ ఆ వార్తను తెచ్చుట లేదు.

ఆ వార్తను రైతులే సేకరించిన ఉదాహరణము ఈ సీమలోనే కలదు. 2000 తరువాతి దశాబ్దములో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడచిన 'రైతుల యాజమాన్యములో భూగర్భజల పద్ధతులు' అను పథకము కర్నూలు, కడప, అనంతపురము, చిత్తూరు, ప్రకాశము, మహబూబ్‌నగరు, నల్లగొండ అను ఏడు జిల్లాలలో సాగినది. పల్లెలలోని స్త్రీలు, పురుషులు తామే వర్షమాపకములను చూచి వాన లెక్క వ్రాసిరి. ఎంపిక చేసిన బోరులలో నీటిమట్టమును క్రమముగా కొలిచిరి. ఆ లెక్కలను అందరికి కనబడునట్లు ప్రకటించిరి. రబీకి ముందు ఊరంతయు కూడి, ఉన్న నీరెంత, వేయదలచిన పైరులకు కావలసిన నీరెంత అని బడ్జెటు వేసికొనిరి. ఏ పైరు వేయవలెనో ఎవరును ఎవరిని శాసింపలేదు. లెక్క కన్నులఎదుట నుండుటచే పలువురు తమంతట తామే వరివంటి నీరెక్కువ త్రాగు పైరులను తగ్గించుకొనిరి. కారుషెడ్డు వాకిట వెలుగు కన్ను చేయు పనిని ఇక్కడ ఒక టేపు, ఒక వర్షమాపకము, ఒక గోడమీది పట్టిక చేసినవి.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఈ విషయమును ఉపాధ్యాయులు టార్చి సెల్లులతోనే చూపవచ్చును. ఇంటి కరెంటును ఎంతమాత్రము వాడరాదు.

పెద్ద ఇనుపమేకుకు ఎనామిలు పూత గల సన్నని రాగితీగను నూరుచుట్లు చుట్టవలెను. తీగ రెండు కొనలవద్ద పూతను గీకి, రెండు టార్చి సెల్లులకు, ఒక మీటకు పొడవైన తీగలతో కలుపవలెను. మీట తరగతికి ఒక చివర, మేకు మరియొక చివర నుండవలెను. మొదటిది ఇల్లు, రెండవది చేను. మేకు తలకు అర సెంటీమీటరు దూరములో పలుచని రేకుముక్కను ఒక కొన బిగించి, రెండవ కొన కదలునట్లు అమర్చవలెను. మీట నొక్కినపుడు రేకు మేకువైపు లాగబడి ఒక తీగమొనను తాకవలెను. ఆ రేకు, ఆ మొన, వేరుగా నాలుగు సెల్లులు, ఒక చిన్న బల్బు కలిసి రెండవ వలయమగును. ఆ బల్బే మోటారు. మేకును ఒక్కొక్కసారి కొన్ని సెకనులకు మించి నడుపరాదు. తీగ వేడెక్కును, సెల్లులు త్వరగా అయిపోవును.

ఇప్పుడు ఇంటివద్ద వార్తకై ఒక బల్బు పెట్టవలెను. దానిని రెండు విధముల కలిపి చూడవలెను. మొదట వార్తాబల్బును చేని బల్బుతో సమాంతరముగా కలుపవలెను. మీట నొక్కగా రెండును వెలుగును. ఒక విద్యార్థి చేని బల్బును నిశ్శబ్దముగా ఊడదీయవలెను. ఇంటి బల్బు ఇంకను వెలుగుచునే యుండును! మోటారు లేదు, వార్త మాత్రము ఉన్నదని చెప్పుచున్నది. తరువాత వార్తాబల్బును చేని బల్బుతో శ్రేణిలో కలుపవలెను. రెండును కొంచెము మసకగా వెలుగును. చేని బల్బును ఊడదీయగనే ఇంటి బల్బు ఆరిపోవును.

రెండవదియే నిజమైన వార్త. రిలే కలిసినదని తెలిసిన చాలదు; పని జరిగినదని తెలియవలెను. మంచి పెట్టెలు రిలే స్థితిని కాక మోటారు ప్రవాహమును కొలిచి రైతునకు తెలుపుటకు కారణము ఇదియే. ఈ భేదమును విద్యార్థులు తామే కనుగొనునట్లు చేసి, పిమ్మట వారివారి ఇండ్లలోని స్టార్టరు పెట్టె ఏ రకపు వార్తను పంపుచున్నదో పెద్దలను అడిగి రమ్మని చెప్పవచ్చును. డబ్బా మూత మాత్రము తెరువరాదు.

నడిరేయి డొంకదారిలో నడువవలసిన అవసరమును ఫోను తొలగించినది. అది చిన్న మేలు కాదు. ఆ నడకలో కాళ్ళు చేసిన పనిని రిలే చేయగలదు. కన్నులు, చెవులు చేసిన పనిలో కొంత ఆంపియర్ల మాపకము చేయగలదు. మిగిలినది, అనగా పొరుగు మోటారును, నేలలోని నీటిని తలచుకొనుట, ఇప్పటికిని మీట నొక్కు మనిషి పనియే.